రెండో స్తంభం కింద మగ్దలీనమ్మ

పుల్లలచెరువు దాటాక అడవి అంచున ఉన్న పల్లెలో ఒక చిన్న చర్చి ఉంది. అందులో ఎడమవైపు రెండో స్తంభం మగ్దలీనమ్మది. పట్టా లేదు, అనుభవం ఉంది. చర్చి కట్టేటప్పుడు రాళ్లు మోసింది ఆమే, ఆ స్తంభానికి వీపు ఆనించి యాభై ఏళ్లుగా వాక్యం వింటున్నదీ ఆమే. ఈ మధ్య పైన ఫ్యాను కూడా బిగించడంతో ఆ చోటు విలువ మరీ పెరిగింది.

ఆమె కాపురానికి వచ్చిన రోజు ఆ ఇంట్లో మొగుడు, ఒక మేక తప్ప మరో ప్రాణి లేదు. "దేవా, నా ఇల్లు నిండాల" అని, చర్చి పూర్తి కాగానే ఆ స్తంభం దగ్గరే మోకరించింది. ప్రార్థన ఆలకించబడింది. ఇక చాలని చెప్పడం మాత్రం ఆమె మరిచిపోయింది. ఏడుగురు పిల్లలు, వాళ్లకు పిల్లలు, వాళ్లకూ పిల్లలు. విశాలమైన దొడ్డి వాటాలై, గోడలై, చివరికి మనిషి పక్కకు తిరిగి నడిచే సందుగా మిగిలింది. ఊరికున్న ఒక్క బోరు దగ్గర బిందెల వరుస రోడ్డు దాకా పాకింది. మిరపకోతకు పదిమందిని పిలిస్తే పల్లె పల్లెంతా బయల్దేరుతోంది.

కృతజ్ఞతా కూడిక నాడు బిందె వంతు వచ్చేసరికే ఆలస్యమైంది. చర్చి కిటకిటలాడుతోంది. స్తంభం కింద ఎవరో బాలింత బిడ్డను ఒళ్లో వేసుకుని కూర్చుంది. మగ్దలీనమ్మ మోకాళ్లు ఇక మోయలేమన్నాయి.

"ఏందమ్మే, ఎవురింటిదానివి నువ్వు? లెయ్!"

"నీ ఇంటిదాన్నే అవ్వా. నీ మనవడు పవన్ పెండ్లాన్ని, ప్రశాంతిని."

చర్చి గొల్లుమంది. మగ్దలీనమ్మ తగ్గలేదు. "అయ్యగారూ, ఈ జనమేంది? కూచునేదానికి చోటు లేకుండా యాడాడనుంచి వచ్చినారు?"

పాస్టరు శ్యాంసన్ గంభీరంగా గొంతు సవరించుకున్నాడు. "మగ్దలీనమ్మ సంతానమంతా లేచి బయట షామియానా కిందికి పోండి."

చర్చి లేచింది. పాటలకు డోలక్ వాయించే కృపావరం కూడా ఆమె అల్లుడే గనక, దాన్ని పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

ఆమె స్తంభం కింద కూర్చుంది. గాలి బాగానే వస్తోంది. చుట్టూ ఖాళీ చాపలు. కాపురానికి వచ్చిన నాటి నిశ్శబ్దమే, ఇప్పుడు మేక కూడా లేదు.

"రాండి లోపలికి!" అని కేకేసింది. "పసిబిడ్డను ఆ ఉక్కలో పెట్టుకోని అట్ల నిలబడినారేంది!"

వరదలా వచ్చారు. ఆ తోపులాటలో స్తంభం మళ్లీ చేజారింది. ప్రశాంతి బిడ్డను ఆమె ఒళ్లో పెట్టి, వెనక కూర్చుని, "నా మోకాళ్లకు ఆనుకో అవ్వా" అంది.

సాక్ష్యం చెప్పే వంతు రాగానే మగ్దలీనమ్మ బిడ్డతో సహా చేతులెత్తింది.

"దేవా, నేను ఇల్లే అడిగినా, నువ్వు చర్చి కూడా నింపినావు. వందనాలు తండ్రీ. మనుషులు చాలు. ఇంగ నీళ్లియ్యి."