సక్రి విడవని చెప్పులు

భర్తల చేతిలో దెబ్బలు తిన్న ఆడవాళ్లు తలదాచుకునే ఇల్లొకటి జనగామలో నడుపుతున్నాను. మగవాళ్లెవరూ గడప దాటకూడదన్నది మా నియమం. ఫ్యాను చెడిపోయినా మేమే బాగుచేసుకుంటాం.

గ్రాంటు ఆగిపోయి, ఇల్లు మూసేయాలేమో అనుకుంటున్న రోజుల్లో తనిఖీకి ఒక అధికారి వచ్చారు. నేరుగా లోపలికి రాబోతుంటే తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

"జర ఈడ్నే కూసోండి సార్. లోపల ఆడోళ్లున్నరు."

"మీ గ్రాంటుకు రిపోర్టు రాసేది నేనేనమ్మా."

"ఎరుకే సార్," అన్నాను.

ఆయన "రేపు మా మేడమ్‌ను పంపిస్త," అని జీపెక్కారు. ఇక గ్రాంటు మీద ఆశ వదులుకున్నాను.

వెనక్కి తిరిగితే సక్రి నిలబడి ఉంది. మహబూబాబాద్ దగ్గరి తండా నుంచి వచ్చింది. వచ్చినప్పటి నుంచి ఇంట్లో కూడా చెప్పులు విడిచేది కాదు. భర్త వస్తే పరుగెత్తాలని పడుకున్నప్పుడూ కాళ్లకే ఉంచుకునేది. విడవమని మేమూ అనలేదు.

"గంత పెద్ద సార్‌నే ఆపినవ్. ఇగ నా మొగడెట్ల వస్తడక్కా?" అంది.

గ్రాంటు సంగతి ఇంకా తేలలేదు. తేలేదాకా ఎట్లాగో నడుపుతాం. మర్నాడు మేడమ్ వచ్చి, గడప బయట చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టారు. ఆ పక్కనే సక్రి చెప్పులు ఉన్నాయి.