బిడ్డ ముద్ద నేను తిన్న

పద్నాలుగేండ్ల సంది ఒక అబద్ధాన్ని కడుపుల పెట్టుకొని తిరుగుతున్న. మా ఆయనకు తెల్వదు. మా అవ్వకు తెల్వదు. మీరెవలో నాకు తెల్వదు, అందుకే మీకు చెప్తున్న. తెలిసినోళ్ల ముందట నోరు రాదు.

మాది హుజూరాబాద్ దిక్కు. ఇంటి ముందటి రేకుల షెడ్డుల రెండు సాంచెలు ఉండె. మా ఆయన బట్ట నేస్తుండె, మా అత్త పక్కన కూసొని కండెలు చుడుతుండె. నాకు తొలి కాన్పుల ఆడపిల్ల. మా ఆయన అక్క, అంటే మా వదినె, బొగ్గుబాయి కాలనీల ఉంటది. పెండ్లయి పదకొండేండ్లయినా ఆమెకు పిల్లలు కాలే. నా బిడ్డ పుట్టినంక నెలకు రెండుసార్లు వచ్చుడు మొదలుపెట్టింది. వచ్చినప్పుడల్లా కొత్త గౌను తెచ్చేది. నాతోని నవ్వుకుంటనే మాట్లాడేది. ఆ నవ్వు మీద నాకు మొదటిసంది అనుమానమే.

బిడ్డకు ఆరు నెలలు నిండినయి. పాలిచ్చుకుంటనే మెత్తటి అన్నం, పప్పు అలవాటు చెయ్యమని అంగన్‌వాడీ టీచర్ చెప్పింది. మా అత్తకు సంబురమే సంబురం. బియ్యం, పెసరపప్పు దోరగ ఏంచి, పొడి పట్టి, ఉగ్గు కాసింది. తొలి ముద్ద మా వదినె పెట్టింది. బిడ్డ చప్పరించుకుంట సగం గిన్నె తిన్నది. తర్వాత నేను పాలకు దగ్గరికి తీసుకుంటే మొకం తిప్పింది. కడుపు నిండిన పిల్ల మొకం తిప్పదా? ఇప్పుడు తోస్తంది ఆ మాట. అప్పుడు తోచలే.

ఆ సాయంత్రం వంటింట్ల మా అత్త వదినెతోని అంటుంటే విన్న. "తిండి మరిగితే పిల్ల ఎవల దగ్గరనైనా ఉంటది."

అంతే విన్న. దానికి ముందు ఏమన్నదో, తర్వాత ఏమన్నదో వినలే. కాని ఆ ఒక్క మాట పట్టుకొని అంతా అల్లుకున్న. పాలు మాన్పిస్తరు, బిడ్డను కాలనీకి తీస్కపోతరు, నువ్వు మల్ల కంటవు తియ్యి అని నా నోరు మూయిస్తరు, మా ఆయన తల్లి మాట దాటడు. పాలు తాగినన్ని రోజులే బిడ్డ నాది. అట్ల అనుకున్న. నిజంగ అనుకున్ననా, అనుకోవాల్నని అనుకున్ననా?

తెల్లారి సంది గిన్నె నేనే తీసుకున్న. పిల్ల మనుషులను చూస్తే తింటలేదని చెప్పి, అర్రల తలుపు దగ్గరికేసుకొని, ఆ ఉగ్గు నేను తిన్న. ఒక్కనాడు కాదు. నాలుగు నెలలు. బిడ్డ నా ఒడిల కూసొని చెంచా దిక్కు చేతులు చాపుతుంటె, రొమ్ము ఇస్తుంటి. తల్లిపాలను మించింది లేదని అందరు అంటరు కదా, ఆ మాటను అడ్డం పెట్టుకున్న.

ఎనిమిదో నెల దాటినా అంబాడలే. తొమ్మిదో నెలల నవ్వుడు తగ్గింది. కండ్ల రెప్పల లోపల తెల్లగ పాలిపోయింది. మా అత్త ఖాళీ గిన్నెను చూస్తుండె, బిడ్డను చూస్తుండె. "ఇంత తింటే ఒంటికి ఎందుకు పడ్తలేదో?" అన్నది ఒకసారి. అనుకుంట నా మూతి దిక్కు చూసింది. మూతికి ఉగ్గు ఏమన్న అంటుకున్నదా? అప్పటిసంది మొకం కడుక్కొనే బయటికి వస్తుంటి.

పదో నెలల టీచర్ త్రాసు పట్టుకొని ఇంటికే వచ్చింది. బిడ్డను తూచింది. నా దిక్కు తిరిగింది.

"ఏం పెడుతున్నవమ్మా పిల్లకు? నిజం చెప్పు."

మా ఆయన సాంచె ఆపి గుమ్మంల నిలబడ్డడు. నేను తల వంచుకొని అన్న. "అత్తమ్మ కాసి ఇస్తది మేడం. పలుచటి నీళ్లు. గట్టిగ పెడితే అరగదంటది."

ఆ ఉగ్గుల చెంచా నిలబడేది. తిన్నదాన్ని, నాకు తెల్వదా?

మా అత్త చేతుల కండె అట్లనే ఉన్నది. నన్ను చూసింది. ఇగ చెప్తది అనుకున్న.

"అవు టీచరమ్మా," అన్నది. "నాదే తప్పు. నీళ్లు ఎక్కువ పోసిన."

కరీంనగర్ దవాఖానల పదిహేను రోజులు ఉన్నం. అక్కడ నేను పెట్టిన ముద్దలన్ని బిడ్డ తిన్నది. బతికింది. మా ఆయన తల్లిని తిట్టని తిట్టు లేదు. ముసల్ది మనుమరాలికి నీళ్లు తాపిందని వాడంత అన్నరు. మా వదినె దవాఖాన తలుపు దాక వచ్చి, నా మొకం చూసి తిరిగిపోయింది. మల్ల మా ఇంటికి రాలే. ఆమె నా బిడ్డను నిజంగ అడుగుదామనుకున్నదా? ఏనాడు అడిగి తెలుసుకోలే.

మా అత్త ఎందుకట్ల అన్నది? నన్ను కాపాడుదామనా? లేక నా గుట్టు చేతుల పెట్టుకొని ఎప్పుడో ఒకనాడు బయట పెడదామనా? పద్నాలుగేండ్లు ఆ రోజు కోసమే చూసిన. ఆమె నన్ను పిలిస్తే చాలు, ఇయ్యాలనే చెప్తది అనుకుంటుంటి. ఆ రోజు రాలే. తర్వాత కొడుకు పుట్టిండు. వానికి ముద్ద పెట్టే టైముకు మా అత్త లేచి బయటికి పోతుండె. ఒక్కనాడు గిన్నె ముట్టలే. నేను ముట్టమనలే.

బిడ్డ ఇప్పుడు తొమ్మిది చదువుతంది. ప్రార్థనల పొట్టోళ్ల వరుసల ముందు నిలబడ్తది. జర ఉరికితే ఆయాసం. అప్పటి దాంతోనే అని చెప్పలేమన్నడు డాక్టర్. ఆయనకు ఏం తెలుసు?

పోయిన నెల పక్కింటి కోడలు ఆరు నెలల పిల్లను ఎత్తుకొని వచ్చింది, ఉగ్గు ఎట్ల కాయాల్నని మా అత్తను అడిగింది.

"నన్ను అడుగకు బిడ్డా. నా చెయ్యి అచ్చిరాదు," అనుకుంట మా అత్త లోపలికి పోయింది.

నన్ను ఎత్తిపొడిచిందా? లేక ఆ తప్పు తనదేనని నమ్ముడు మొదలుపెట్టిందా? ఏదైనా దానికి కారణం నేనే.

ఆ కోడలికి నేను చెప్పిన. బియ్యం ఎంత, పప్పు ఎంత, ఎంత గట్టిగ ఉండాలె, అంత చెప్పిన. ఎవలు నేర్పిన్రక్కా అన్నది. మా అత్త అని చెప్పిన. నోరు అంతవరకే వచ్చింది. మిగిలింది మీకు చెప్పిన. నన్ను మంచిదానివి అనకండి. విన్నరు, సాలు.