బోణీ వేళ నలభై రెండు ప్రశ్నలు

తొంభైలలో, హిందీ ప్రాంతంలోని మా ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లో, తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే పవర్ హౌస్ బజారులో ఆఫ్రికా అంటే అడవీ, సింహమూనూ. ఘానా సంతల్లో అమ్ముకునే ఆడవాళ్ల మీద పరిశోధన చేస్తున్నానంటే, మా నాన్న బట్టల కొట్టుకు వచ్చేవాళ్లు "అక్కడ చీరలు కడతారేటి?" అని అడిగేవారు. కొట్లో పెరిగినదాన్ని, నాకు బేరమొక్కటే బాగా వచ్చు. వెళ్లేముందు ప్రశ్నావళిని ఊళ్లో ఎవరిమీదైనా పరీక్షించమన్నారు మా గైడు. నలభై రెండు ప్రశ్నలకు ఓపిగ్గా కూర్చునేదెవరు? బోణీ కాని మనిషి! మొదటి బేరాన్ని వదిలి ఇంకొకరికి అమ్మితే ఆ రోజంతా చెడుతుందని మా బజారు నమ్మకం. (ఈ తెలివికి అప్పట్లో నేనే మురిసిపోయాను.)

తెల్లారగానే, శ్రీకాకుళం నుంచి వచ్చి టమాటాలమ్మే పిన్ని గంప ముందు చతికిలబడ్డాను. "రెండు కిలోలు కొంటాను పిన్నీ, ముందు ఇవి చెప్పు. మీ ఇంట్లో నిర్ణయాలెవరివి?"

"మీ బాబాయివే. టీవీలో ఏటి సూడాలో ఆయనే సెప్తాడు. మిగతాయన్నీ నానే."

"వ్యాపారంలో మీకున్న అడ్డంకులు?"

"ఇయాలా? నువ్వే!"

ఇంతలో ఫ్యాక్టరీ క్వార్టర్లుండే సెక్టారు నుంచి వచ్చిన ఒకావిడ టమాటాల ధర అడిగింది. "రుకో దీదీ, బోహనీ నై హుఆ" అంది పిన్ని, ఆగమని, ఇంకా బోణీ కాలేదని. ఆవిడ పక్క గంపకు పోయింది. అలా ముగ్గురు పోయారు. నేను ముప్పయ్యో ప్రశ్నలో ఉన్నాను.

అన్నీ అయ్యాక పిన్ని తూకం వేసింది. అలవాటు చొప్పున "మెత్తగా ఉన్నాయే" అని సగం ధరకు అడిగి, లేచి నాలుగడుగులు వేశాను. వెనక్కి పిలుస్తారని తెలిసి వేసే అడుగులవి. పిలిచింది కూడా. "ఓలమ్మా, నీ ధరకే ఇస్తాను, రాయే! బోణీ పాడు సెయ్యకే!" కానీ నాకు రైలు టైమయింది, నోటుబుక్కు నిండింది, హాస్టల్లో టమాటాలేం చేసుకోను? తిరిగి చూడలేదు. పైగా ఆ వారమే నివేదికలో "మహిళా వర్తకులకు తమ సమయంపై పూర్తి స్వేచ్ఛ ఉంది" అని రాశాను.

సెలవులకు వచ్చినప్పుడు మనసు ఊరుకోక, మధ్యాహ్నం వెళ్లి బేరమాడకుండా నాలుగు కిలోలడిగాను. "ఆవేళ బోణీ ఎప్పుడయింది పిన్నీ?"

"సందేల దాకా అవనేదు" అంది, తిట్టకుండా. గోనెపట్టా పక్కకు జరిపింది. "ఇయాల అయిపోనాదిలే. కూకో గుంటా, ఎన్నయినా అడుగు."

కూర్చుని, గంపలో మెత్తబడ్డవి ఏరి పక్కన పెట్టడం మొదలెట్టాను.

ఇప్పుడు సభల్లో నన్ను "సంతల్లోని స్త్రీల గొంతు విన్న ఆచార్యురాలు" అని పరిచయం చేస్తుంటారు. నేను తల వంచుకుని చిన్నగా నవ్వుకుంటాను. అది వినయమనుకుని చప్పట్లు కొడతారు.