చెవి పరీక్షలో నా మొహం

నిటారుగా కూర్చో బుజ్జీ, ఆ ఆట చాలించి సరిగ్గా విను. నేను చెప్పింది చెప్పినట్టు రాయి, మధ్యలో నీ తెలివి కలపకు.

రిటైరయ్యే ముందు చివరి రెండేళ్లు నాకు జహీరాబాద్‌ సర్కారు ఆసుపత్రిలో పోస్టింగు. హోదా ఆడియోమెట్రీ టెక్నీషియన్. అంటే చెవి ఎంత వింటుందో కొలిచి కాగితం మీద గుర్తులు పెట్టడం నా పని. అది చదివి జబ్బు ఉందో లేదో చెప్పేది చెవి డాక్టరు. నాకు ఆ అధికారం లేదు. ఈ ముక్క ముందే రాసుకో, నేను మాటపడింది అక్కడే.

అల్లం తవ్వే రోజుల్లో న్యాల్‌కల్ వైపు నుంచి పాపన్న అనే రైతు కూతురు సునీతని వెంటబెట్టుకుని వచ్చాడు. అతనికి ముప్పై దాటినప్పటి నుంచి వినికిడి తగ్గుతూ వచ్చింది. ముందు పిట్టల కూత, సైకిల్ బెల్లు లాంటి సన్నటి చప్పుళ్లు పోయాయి, తర్వాత మాటలు. వాళ్ల నాన్నకీ అంతేనట, అక్కకీ అంతేనట. సునీతకి పందొమ్మిదేళ్లు, నర్సింగ్ మొదటి ఏడాది. చదువు మానేస్తానని కూర్చుంది.

“నాకూ గిట్లనే అయితది మేడం. చెవుల్లేని నర్సు స్టెతస్కోప్ ఏసుకొని ఏం జేస్తది? దండ లెక్క ఏసుకొని తిరగాల్నా?”

పాపన్న ఆమె పెదాలనే చూస్తున్నాడు. “నన్ను జూసి బెదురుతున్నది. జర మంచిగ జూడుండ్రి మేడం,” అన్నాడు.

పరీక్ష చేసే పద్ధతి ఇది. చప్పుడు రాని గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ పెడతాం. అద్దానికి ఇవతల నుంచి నేను బటన్ నొక్కితే చెవిలో ఒక కూత వస్తుంది. వినబడితే వేలెత్తాలి. కుర్చీ పక్కకి తిరిగి ఉండాలి, నా చెయ్యీ మొహమూ కనపడకూడదు. ఆ రోజు గదిలో అట్టపెట్టెలు అడ్డంగా ఉంటే కుర్చీని నాకు ఎదురుగా వేసేశాను. దానికేముందిలే అనుకున్నాను. సునీత ఒక్కటి కూడా తప్పకుండా వేలెత్తింది. నాకు సంతోషం ఆగలేదు. డాక్టరు గారికి చూపించకుండానే “నీకేం లేదమ్మా, చెవులు బంగారం” అనేశాను.

ఆ పిల్ల నవ్వలేదు.

“మీరు బటన్ నొక్కినప్పుడల్ల మీ కనుబొమ్మలు లేస్తున్నయి మేడం. నేను చెవితోని విన్ననో, మీ మొహం జూసి ఏలు లేపిననో నాకే తెలుస్తలేదు.”

నా తల కొట్టేసినట్టయింది. చెవులు సరిగ్గా వినబడని ఇంట్లో పిల్లలు కూడా పుట్టినప్పటి నుంచీ మొహాలు చదువుతూ పెరుగుతారు. నేను కొలిచింది ఆమె కళ్లని! డాక్టరు గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. “కొలవడం మీది, చెప్పడం నాది” అని ఒక్క మాట అని ఊరుకున్నారు. కుర్చీ తిప్పి, అద్దానికి దుప్పటి కట్టి మళ్లీ చేశాను. మళ్లీ బాగానే వచ్చింది. కానీ పందొమ్మిదేళ్లకి బాగుంటే ముప్పైకి బాగుంటుందని కాదు కదా.

అందుకని రక్తం హైదరాబాద్ పంపారు. ముందు పాపన్నది. జబ్బున్న మనిషిలో తప్పెక్కడో దొరికితేనే, కూతురిలో ఆ ఒక్క చోట వెతకొచ్చు. కొన్ని వారాలకి దొరికింది. గ్యాస్‌డెర్మిన్-ఇ అనే జన్యువు.

డాక్టరు గారు పాపన్నకి ఎదురుగా కూర్చుని నిదానంగా చెప్పారు. ఈ జన్యువు చేసే ప్రొటీన్ మన కణాల్లో మామూలుగా తనకు తానే బ్రేకు వేసుకుని ఉంటుంది. కణంలోకి సూక్ష్మక్రిమి చొరబడ్డప్పుడో, కణం చెడిపోయినప్పుడో ఆ బ్రేకు తెగుతుంది. ప్రొటీన్ వెళ్లి కణం గోడకి చిల్లులు పొడుస్తుంది. కణం చచ్చిపోతూ, ఒంట్లో రక్షణ కణాలకి కబురు పంపుతుంది. ఇది మనల్ని కాపాడే పనే. పాపన్న ఇంట్లో మాత్రం జన్యువులో ఒక ముక్క జారిపోయి, బ్రేకు సరిగ్గా పడటం లేదు. ఏ క్రిమీ లేకుండానే చెవి లోపలి సున్నితమైన కణాలు చచ్చిపోతున్నాయి. అవి మళ్లీ పుట్టవు. చిత్రమేమిటంటే, ఆ జన్యువు పూర్తిగా పాడైనా చెవి పోదట. సగం పాడైతేనే ఈ గొడవ.

పాపన్న తలూపాడు. “సమజైంది సార్. అల్లంల ఒక దుంప కుళ్లితె పీకి అవతల పారేస్తం, లేకుంటె మడంత పోతది. నా చెవులల్ల మంచి దుంపల్ని గూడ పీకేస్తున్నది.”

“మరి నాకు?” అంది సునీత.

“వచ్చే అవకాశం సగానికి సగం. తెలుసుకోవాలా వద్దా అన్నది నీ ఇష్టం. సంతకం నీదే” అన్నారాయన. ఆమె పెన్ను తీసుకుంది.

రిపోర్టు వచ్చిన రోజు వాళ్లని లోపలికి పిలవమన్నారు. అందులో ఏముందో నాకు తెలుసు, కానీ చెప్పకూడదు. నా కనుబొమ్మలు గుర్తొచ్చాయి. మాస్కు పెట్టుకుని, రిజిస్టర్‌లో తలదూర్చి, “లోపలికెళ్లండి” అన్నాను.

“నాయినా, లే. పోదాం పా,” అంది సునీత. “మేడం మొహం దాస్తున్నది.”

పాపన్నకి ఏమీ అర్థం కాలేదు. ఆ పిల్ల గేటు దాటి హైవే దాకా వెళ్లిపోయింది. నేను లారీల మోతలో అరుచుకుంటూ పరిగెత్తాను. అరిచి లాభం లేదనిపించి మాస్కు పీకేశాను. ఆమె వెనక్కి తిరిగి నా మొహం చూసింది. నేనొక్క మాటా అనలేదు. వచ్చేసింది.

తండ్రిలో ఉన్న తప్పు కూతురికి రాలేదని డాక్టరు గారు చెబుతుంటే, పాపన్న ఆయన పెదాలని రెండుసార్లు చదివాడు.

“నా భూమిస్తె తీస్కుంటది గని, నా చెవులిస్తె తీస్కోలే. హుషారు పిల్ల!”

“భూమి గూడ ఒద్దు. అల్లం నువ్వే తవ్వుకో,” అని ముక్కు తుడుచుకుంది సునీత. మర్నాడే కాలేజీకి వెళ్లిపోయింది.

ఆ పరీక్ష నాకు నేర్పింది ఇంతే, రాసుకో. కొలిచేటప్పుడు మన మొహం కనపడనివ్వకూడదు. చెప్పే రోజు దాచకూడదు. ఈ రెంటిలో ఏది ఎప్పుడో తెలియాలంటే మనం ముందుగా…

ఏంటమ్మా, వంటింట్లోంచి పిలుస్తున్నావు? రొట్టెలు చల్లారిపోతున్నాయా? వినబడిందిలే, నా చెవులు ఇంకా బంగారమే. బుజ్జీ, ఇది రాయకు!