నాలుగు వేళ్లు ఆడిస్తే

ఎదురింటి అక్క పోయిందని ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చేసరికి హైదరాబాద్‌లో ఉన్న ఆమె భర్త, బావగారి పాస్‌పోర్ట్ ఇంకా ఆయన చేతికి రాలేదు. వీసా స్టాంపింగ్‌కని వెళ్లి, దాన్ని అమెరికా కాన్సులేట్‌లో ఇచ్చిన మనిషి అక్కడే చిక్కుకుపోయారు. ఆ కబురు ఆయనకు చెప్పాల్సింది నేనే. ఫోన్ పట్టుకుని వంటింట్లో అలా నిలబడిపోయాను.

అక్క నాకు చుట్టం కాదు. న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోలో మాది, వాళ్లది ఎదురెదురు ఫ్లాట్లు. మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసేది. ఒకసారి మా కాంప్లెక్స్ పిల్లల్ని బేస్‌బాల్ ఆటకు దింపడానికి వెళ్లి, ఆ పిచ్చిలో పడింది. మా అందరికీ ఎక్కించాలని చూసింది. నాకైతే ఎక్కలేదు. గంటలకొద్దీ ఎండలో కూర్చుని, ఎవడో ఎప్పుడో ఒక బంతి కొడితే చప్పట్లు కొట్టడం ఏం సరదా? కానీ ఆమె చెప్పిన రెండు మాటలు మాత్రం ఒంటబట్టాయి.

కర్వ్‌బాల్ అంటే నేరుగా వస్తున్నట్టే వచ్చి, దగ్గరికొచ్చాక వంగిపోయే బంతి. చేంజప్ అంటే, విసిరేవాడు చెయ్యి జోరుగా ఊపుతాడు, బంతి మాత్రం నింపాదిగా వస్తుంది. ఆత్రపడి ముందే బ్యాట్ ఊపినవాడు వెర్రిముఖం వేస్తాడు. అక్క నోట పడ్డాక ఆ మాటలకు బోలెడు అర్థాలు పుట్టాయి. చెప్పాపెట్టకుండా దిగే చుట్టాలు కర్వ్‌బాల్. శుక్రవారం సాయంత్రం మేనేజర్ పెట్టే మీటింగ్ కర్వ్‌బాల్. చలికాలంలో పొంగని దోసెల పిండి చేంజప్. గ్రీన్‌కార్డు అన్నిటికంటే పెద్ద చేంజప్.

"ఈ రెండు మాటలుంటే చాలే, అమెరికాలో కాపురం చేసేయొచ్చు," అనేది.

"మరి తెలుగెందుకక్కా?"

"తిట్టుకోడానికి."

ఆ ఆటలో బంతి పట్టేవాడు విసిరేవాడికి నోటితో చెప్పడు, వేళ్లతో సైగ చేస్తాడు. రెండు వేళ్లయితే కర్వ్‌బాల్, నాలుగు వేళ్లు ఆడిస్తే చేంజప్. ఆ సైగలు అక్క బాల్కనీకీ వచ్చాయి. ఆఫీస్ నుంచి వచ్చి నేను కార్ పార్క్ చేస్తుంటే పైనుంచి రెండు వేళ్లు చూపించిందంటే, మా ఇంట్లో ఎవరో వచ్చి కూర్చున్నారన్నమాట. నాలుగు వేళ్లు ఆడించిందంటే, పిల్లలు తన దగ్గరే తిన్నారు, తొందరేం లేదు, మెల్లగా రమ్మని. రైలు దిగి పరుగున వచ్చే బావగారికీ అదే సైగ. ఆ వేళ్లు చూస్తే నా అలసట సగం కిందే దిగిపోయేది. మనకోసం అలా కాచుకునే మనిషి ఎంతమందికి ఉంటుంది?

బావగారు ఇండియా వెళ్లిన కొద్దిరోజులకే అక్క తలలో నరం చిట్లింది. మాట పోయింది. ఎడమ చెయ్యి మాత్రం కదిలేది. రోజూ ఆమె చెవి దగ్గర ఫోన్ పెట్టేదాన్ని.

"రేపు ఇచ్చేస్తారంటున్నారమ్మా. టికెట్ బుక్ చేసి పెట్టుకున్నా," అనేవారు బావగారు. మర్నాడూ అదే మాట. లాయర్‌కి ఫోన్లు చేశాం, డాక్టర్ దగ్గర లెటర్ తీసుకుని పంపాం, తెలిసినవాళ్లందర్నీ బతిమాలాం. ఎవరూ కాదనలేదు, పని మాత్రం కాలేదు.

ఒకరోజు ఆయన గొంతు వింటూనే అక్క నాలుగు వేళ్లు ఆడించింది. ఆ సంగతి ఆయనకు చెప్పాను.

"ఏమంటోందమ్మా?"

"కంగారు పడొద్దంటోంది, బావగారూ."

ఆయన ఫోన్‌లోనే ఏడ్చారు. అక్క కళ్లు మాత్రం తలుపు మీదే ఉన్నాయి. నేను చెయ్యగలిగిందల్లా ఆమె దుప్పటి సర్దడం. సర్దాను. కాసేపాగి మళ్లీ సర్దాను.

ఆమె పోయాకే పాస్‌పోర్ట్ వచ్చింది. ఆయన వచ్చేదాకా ఆమెను అంత్యక్రియలు చేసే ఫ్యునరల్ హోమ్‌లో ఉంచాం. ఆయన వచ్చిన రోజు మంచు గడ్డకట్టి పార్కింగ్ లాట్ అంతా జారుడుగా ఉంది. నేను వాళ్ల ఇల్లు తెరిచి బాల్కనీలో నిలబడ్డాను. టాక్సీ ఆగింది. బావగారు సూట్‌కేస్ కూడా దించుకోకుండా మెట్లవైపు పరుగెత్తారు. జారిపడ్డారు. లేచి మళ్లీ పరుగు. ఇంకోసారి పడతారేమోనన్న భయంలో నా చెయ్యి దానంతటదే లేచింది. నాలుగు వేళ్లు ఆడాయి.

ఆయన తలెత్తి చూశారు. పరుగు ఆపేసి, ఆ మంచులో అక్కడే నిలబడిపోయారు. లేచిన చెయ్యి ఎలా దించాలో నాకు తెలియలేదు.