ఖాళీ అని రాసిన గది

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లే దారిలోని ఒక పట్టణానికి నన్ను బదిలీ చేశారు. టౌన్ ప్లానింగ్ విభాగంలో బిల్డింగ్ ఓవర్సీర్‌ని. మే నెలలో పాత బజారు సర్వే నాకు అప్పగించారు. వానలు మొదలయ్యేలోగా శిథిల భవనాలను గుర్తించాలి. మనుషులుంటే నోటీసిచ్చి గడువివ్వాలి. ఎవరూ లేకపోతే వెంటనే సీలు వేసి కూల్చివేతకు రాయొచ్చు. అందుకే ఫారంలో 'వినియోగం' అన్న గడి ముఖ్యం. అందులో రాయడానికి రెండే మాటలు: నివాసం, ఖాళీ.

ఆ బజారు అప్పటికే పలచబడింది. బట్టల వ్యాపారులు బస్టాండు రోడ్డుకు వెళ్లిపోయారు. మేడల మీది కాపురాలు బండి నిలుపుకునే వీలున్న కొత్త కాలనీలకు మారాయి. కిరాయి రావట్లేదని యజమానులు మరమ్మతు చేయించరు. మరమ్మతు లేదని కొత్తవాళ్లు దిగరు. రేకుపెట్టెలు చేసేవాళ్లు, పరుపులు కుట్టేవాళ్లు మిగిలారు.

నేను ఆ వరసకు వెళ్లింది శుక్రవారం మధ్యాహ్నం. నమాజు వేళ, చాలా దుకాణాలు మూసి ఉన్నాయి. ఒక మేడకు కింద షట్టరు తుప్పు పట్టి ఉంది. పై గదికి తాళం. మెట్ల పక్క గోడ నిలువునా బీటలు వారింది. అడగడానికి ఎవరూ కనబడలేదు. 'ఖాళీ' అని రాసి సంతకం పెట్టాను. పది రోజుల్లో సీలు పడింది.

మర్నాడు ఆ మేడకు ఎదురు దుకాణంలో రేకుపెట్టెలు చేసే ఖాసిం భాయ్ ఆఫీసుకు వచ్చారు. వెంట వాగు అవతలి అడవి పల్లె నుంచి వచ్చిన సమ్మక్క, నిండు నెలలతో ఉన్న ఆమె కోడలు.

"ఆ అర్ర ఖాళీ అని ఎవరు చెప్పిన్రు మేడమ్?" అన్నారు ఖాసిం భాయ్. "తాళంచెవి నా తాననే ఉంటది. నన్నొక్క మాట అడగకపోతిరి."

"మా ఊరోళ్లమంత కలిసి కిరాయికి తీసుకున్నం," అంది సమ్మక్క. "వాగొస్తే అంబులెన్స్ రాదు. నెలలు నిండినోళ్లను ముందే తెచ్చి ఆడ ఉంచుతం. పోయినేడు నా బిడ్డ వాగొడ్డుననే కన్నది. పుట్టిన పిల్ల దక్కలే."

కోడలు తల ఎత్తలేదు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

తప్పు నాదేనని వాళ్లతో చెప్పి, సవరణ రిపోర్టు రాశాను. సంతకం పెట్టిన కాగితాన్ని నువ్వే తప్పంటే ఆఫీసు పరువేం కావాలని పై అధికారి మందలించి, మెమో ఇచ్చారు. అయితే గోడ బీట నిజం. గది వాడకంలో ఉందని రాయగలిగాను కానీ, క్షేమమని రాయలేకపోయాను. వాళ్లను మళ్లీ అందులోకి పంపడం కుదరదు.

ఖాసిం భాయ్ ఎక్కువ ఆలోచించలేదు. "నా దుకాణం మీద రేకులు పెట్టే అర్ర ఉంది. జల్దీ ఖాళీ చేస్తా," అన్నారు. అనుమతి తీసుకుని నా సమక్షంలో సీలు తెరిపించాను. లోపల రెండు నులక మంచాలు, వంటగిన్నెలు, ఉతికి మడతపెట్టిన పాత చీరల మూట ఉన్నాయి. సాయంత్రానికి అవన్నీ ఖాసిం భాయ్ దుకాణం మీది గదికి చేరాయి.

జూన్‌లో వాగు పొంగింది. కోడలు పట్టణంలోనే, దవాఖానాలో ఆడపిల్లను కన్నది. ఇద్దరూ క్షేమం. పాత మేడను ఆ తర్వాత కూల్చారు. మెమో నా సర్వీసు రిజిస్టరులో అలాగే ఉండిపోయింది.

తాళం చూసి తెలిసేది ఆ గంటలో అక్కడ ఎవరూ లేరన్నది ఒక్కటే. ఆ తర్వాత ఏ భవనాన్నీ ఒక్కసారి చూసి ఖాళీ అని రాయలేదు. వేరే రోజు, వేరే వేళ మళ్లీ వెళ్లాను. ఎవరిని అడిగానో వారి పేరు కూడా ఫారం అంచున రాశాను.