చీటీ మీద నా పేరు

ఆదోనిలో ఒక పిల్లల డాక్టరమ్మకు ఓ అలవాటుండేది. పిల్లలు లావెక్కుతున్నారని తీసుకెళ్తే, మందుల చీటీ మీద అమ్మదో నాన్నదో పేరు రాసేది. మేము ఎమ్మిగనూరు నుంచి వెళ్లిన రోజు నా పేరు రాసింది.

“మేడమ్, లావుండేది మా పాప గదా?” అన్నాను.

ఆమె పాపను నర్సుతో బయటికి పంపింది. “బిడ్డ ముందర ఆ మాట ఎత్తొద్దమ్మా. అంగట్లో కూల్‌డ్రింకు కొనేదెవరు? మందు మీకే.”

చీటీలో మందులేవీ లేవు. కూల్‌డ్రింకు ఇంటికి రాకూడదు, రోజూ సాయంత్రం పాపతో కలిసి నడవాలి, అంతే. దాన్ని ఫ్రిజ్ మీద అంటించాను.

మొన్న మా ఆయన కూల్‌డ్రింకు పెద్ద సీసా పట్టుకొచ్చాడు. “పాప అడిగింది, నేనేం సేసేది?” అన్నాడు. సీసాను గడప దాటనివ్వలేదు. పెన్ను తీసి, చీటీలో నా పేరు పక్కన ఆయన పేరు రాశాను.